అతుకు లేని నేల

గృహప్రవేశానికి వెళ్లినప్పుడు మనవాళ్లు కొత్తింటిని ముందు కాళ్లతో చూస్తారు. చెప్పులు గుమ్మం బయటే విడవాలి కాబట్టి తప్పదు. గోడల రంగులూ, సీలింగు లైట్లూ, మాడ్యులర్ కిచెనూ తర్వాతి సంగతి. మొదటి అడుగు పడగానే అరికాలికి తెలిసిపోతుంది ఇది గ్రానైటా, టైలా, పాత నాపరాయికే మళ్లీ పాలిష్ పట్టించారా అని. బూట్లతో ఇల్లంతా తిరిగేవాళ్లకి నేల కంటితో చూసుకునే వస్తువు. మనకది ఒంటికి తగిలే వస్తువు. దాని మీద చాప వేసుకుని పడుకుంటాం, కూర తరుగుతాం, బియ్యంలో రాళ్లు ఏరుతాం, బోర్లాపడడం నేర్చుకునే పిల్లని వదులుతాం. అయినా ఇల్లు కట్టేటప్పుడు అందరికంటే ఆఖరున, చేతిలో డబ్బు సగం అయిపోయాక గుర్తొచ్చేది నేలే.

ఇప్పుడా ఆఖరి ఘట్టంలో ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది. "టైల్స్ ఎందుకండీ, ఎపాక్సీ వేయిస్తే పోలా? అతుకులే ఉండవట!" నిన్నమొన్నటిదాకా ఈ మాట జీడిమెట్లలోనో పాశమైలారంలోనో మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకే తెలుసు. ఇవాళ ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో బకెట్‌తో తేనెలాంటి ద్రవాన్ని గది మధ్యలో కుమ్మరిస్తుంటారు, అది తనంతట తనే సర్దుకుని అద్దంలా నిలబడుతుంది. ఇంకొకాయన బాత్రూమ్ నేలలో సముద్రం పరిచి, అందులో డాల్ఫిన్లు వదిలి, పైన మందంగా ఎపాక్సీ పోయించుకున్నాడు. పొద్దున్నే పళ్లపుల్లో బ్రష్షో నోట్లో పెట్టుకుని డాల్ఫిన్ వీపు మీద కాలు పెట్టాలన్న కోరిక మనిషికి ఎందుకు పుడుతుందో గానీ, పుట్టింది. అటు డాలస్ వైపు మన పిల్లలు ఇల్లు కొనగానే గరాజ్ నేలకి రంగురంగుల రేకులు చల్లిన ఎపాక్సీ కోటింగు వేయించి ఫొటోలు పంపుతున్నారు. అక్కడది కార్ల గది అని పేరే. చెప్పుల స్టాండూ, బియ్యం బస్తాలూ, వాసన వచ్చే వేపుళ్లకి రెండో పొయ్యీ కూడా కొందరిళ్లలో అక్కడే ఉంటాయి కాబట్టి, వాళ్ల ముచ్చటలో అర్థముంది.

ఎపాక్సీ మనకేమీ అపరిచితం కాదు. చెవి విరిగిన కప్పుకీ, పగిలిన బకెట్‌కీ రాసే ఆరల్డైట్ అదే. నీళ్ల ట్యాంకు పైపు కారుతుంటే పిసికి అంటించే ఎమ్-సీల్ అదే. రెండు గొట్టాల్లో రెండు పదార్థాలు, ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ ఊరికే పడి ఉంటాయి. కలిపితే అణువులు వలలాగా అల్లుకుని గట్టిపడి, ఆ తర్వాత ఎంత కాల్చినా మళ్లీ ద్రవం కావు. దీని పుట్టుక వెనక దంతవైద్యం ఉంది. స్విట్జర్లాండ్‌లో పియర్ కాస్తాన్ అనే రసాయన శాస్త్రవేత్త దంతవైద్య సామగ్రి తయారుచేసే సంస్థలో పనిచేస్తూ, కట్టుడు పళ్లకి పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ 1938లో దీనికి పేటెంటు అడిగాడు. పళ్లవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. హక్కులు సీబా కంపెనీ చేతికి వెళ్లాయి, 1946లో ఆరల్డైట్ అన్న పేరుతో బజారుకి వచ్చింది. నోట్లో ఇమడని సరుకు కాళ్ల కిందికి చేరింది.

అతుకు లేని నేల అన్నది మాత్రం మనకి కొత్త ఆశ కాదు. మన పాత నేలలన్నీ అతుకు లేనివే. మట్టి నేలని పేడతో, ఎర్రమన్నుతో అలికితే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే పొర. తర్వాత స్థితిమంతుల ఇళ్లలో గానుగ సున్నపు గచ్చు వచ్చింది. ఆ తర్వాత సిమెంటు, దానితోపాటు ఎర్ర గచ్చు. రెడ్ ఆక్సైడ్ పొడిని సిమెంటులో కలిపి, పరిచింది పరిచినట్టే తాపీతో నొక్కి నొక్కి నున్నన చేసేవాళ్లు. మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే ఆపినచోట మచ్చ. మంచి మేస్త్రీ వేసిన ఎర్ర గచ్చు ఏళ్లు గడిచినకొద్దీ, పాదాల జిడ్డూ తడిగుడ్డ రాపిడీ తగిలి ఇంకా మెరిసేది. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద దిండు లేకుండా పడుకున్నవాళ్లకి ఏసీ గురించి చెప్పాల్సిన పని లేదు.

ఆ నేలల్ని తలుచుకుని మురిసిపోయే వ్యాసాలు చాలానే వచ్చాయి. రాసినవాళ్లలో అలికినవాళ్లు తక్కువ. అలుకు వారానికోసారి, పండగకి తప్పనిసరి, వానాకాలం ఇంకా ఎక్కువ. మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో అలుకుగుడ్డతో అర్ధచంద్రాకారంగా తిప్పుతూ, వెనక్కి జరుగుతూ, గది చివరి మూలకి చేరేసరికి నడుం పట్టేసేది. ఎవరి నడుమో చెప్పనక్కర్లేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు శుభ్రం చేసుకుంటూ చేసుకుంటూ తన పేరే మర్చిపోతుంది. నేల గురించి తెలుగులో అంతకంటే పెద్ద మాట ఎవరూ అనలేదని నా నమ్మకం. అతుకు లేని నేల అప్పుడూ ఉండేది. దాన్ని అతుకు లేకుండా ఉంచడానికి ఒక మనిషి దానికి అతుక్కుపోయి ఉండేది.

అందుకే రాతి పలకలు వచ్చినప్పుడు ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. తాండూరు, షాబాద్ బండలు తెలంగాణ ఇళ్లని, బేతంచర్ల నాపరాళ్లు సీమ ఇళ్లని, కడప నల్లరాళ్లు వంటింటి గట్లని ఆక్రమించాయి. తర్వాత మొజాయిక్, తర్వాత చలువరాయి, చీమకుర్తి గ్రానైట్, ఇప్పుడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో దిగే విట్రిఫైడ్ టైల్స్. అలికే పని పోయింది. దాని బదులు అతుకు వచ్చింది. రెండు టైల్స్ మధ్య ఆ సన్నని గీత, అందులోని తెల్ల సిమెంటు ఆరు నెలలకి బూడిదరంగు, ఏడాదికి నలుపు. వంటింట్లో అయితే పోపు నూనె తాగి జిగురు. పాత టూత్‌బ్రష్‌తో ఆ గీతల్ని తోమే ఇల్లాలిని మీరూ చూసే ఉంటారు. ఆ పని మోకాళ్ల మీద కూర్చునే చెయ్యాలి.

అతుకుని అందరికంటే తీవ్రంగా ద్వేషించేది మందుల కంపెనీ. వాళ్ల కారణం వేరు. నిన్న ఒక మందు పొడి చేసిన గదిలో ఇవాళ ఇంకొకటి చేస్తారు. నిన్నటి పొడి చిటికెడు నేల గీతలో మిగిలి ఇవాళ్టి మాత్రలో కలిసిందంటే, బీపీ మాత్ర వేసుకున్న మనిషి ఒంట్లోకి ఇంకేదో పోతుంది. అందుకే మన దేశంలో మందుల తయారీకి వర్తించే షెడ్యూల్ ఎమ్ నిబంధనలు గోడలూ నేలా నున్నగా, పగుళ్లు లేకుండా, తేలిగ్గా కడగడానికి వీలుగా ఉండాలంటాయి. అక్కడ ఎపాక్సీ నేల గోడ దగ్గర ఆగదు. గుండ్రంగా వంపు తిరిగి నాలుగంగుళాలు గోడెక్కుతుంది. మూలన్నదే ఉండదు, చీపురుకి అందని చోటుండదు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో అయితే నేల కింద రాగి పట్టీలు పరిచి, ఒంటి మీది స్థిర విద్యుత్తు భూమిలోకి దిగిపోయేలా చేస్తారు. ఇలాంటి చోట్ల ఎపాక్సీకి సాటి లేదు, వాదన అక్కర్లేదు.

చిక్కంతా అక్కణ్ణుంచి దాన్ని మన మధ్యకి తెచ్చుకున్నప్పుడు మొదలవుతుంది. మా పిన్ని కొడుకు విజయవాడలో కేటరింగ్ చేస్తాడు. కాలువకి దగ్గర్లో ఒక పాత గోడౌను అద్దెకి తీసుకుని వంటశాల చేసుకున్నాడు. ఎక్కడో పెద్ద హోటల్లో చూసొచ్చి, ముచ్చటపడి, నేలంతా ముదురాకుపచ్చ ఎపాక్సీ పోయించాడు. ప్రారంభం రోజున నిజంగానే చెరువు నిలబడ్డట్టుంది. "అన్నయ్యా, ఇంక తుడిచే పనే లేదు, ఒక్క మాప్ కొడితే సరి" అన్నాడు. వాడికి తట్టనిదీ, వేసినవాళ్లు అడగనిదీ ఒకటుంది. పెళ్లి వంటలో అన్నం వారుస్తారు. మరిగే గంజి గుండిగలకి గుండిగలు తూము వైపు నేల మీదే పోతుంది. మామూలు ఎపాక్సీ అరవై డిగ్రీల వేడి దగ్గరికి వచ్చేసరికే మెత్తబడడం మొదలుపెడుతుంది, గంజి దాదాపు వంద. కింద కాంక్రీటు ఒక తీరున, పైన ఎపాక్సీ ఇంకో తీరున సాగి, ముడుచుకుని, తూము చుట్టూ పొర లేచింది. వానాకాలం రాగానే గోడౌను రెండో చివర, పొయ్యిలే లేనిచోట, రూపాయి బిళ్లంత పొక్కులు. ఒకదాన్ని మేకుతో గుచ్చితే నీళ్లు వచ్చాయి. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "మెటీరియల్‌కి వారంటీ ఉందండీ. చెమ్మకి లేదు."

చెమ్మ పైనుంచి వచ్చింది కాదు. కాంక్రీటు చూడడానికి బండే గానీ లోపలంతా సన్నని గొట్టాలు. భూమిలోని తడి వాటిగుండా పైకి పాకుతూనే ఉంటుంది. సిమెంటు నేలో షాబాద్ బండో అయితే ఆ తడి మనకి తెలియకుండా గాల్లో కలిసిపోతుంది. పైన ఊపిరాడని పొర కప్పేశాక దానికి దారి లేదు. అడుగున చేరి, పొరని ఎత్తుతుంది. గోడౌను కట్టినప్పుడు బెడ్డు కింద పాలిథిన్ షీటు పరిచారా లేదా అన్నది కట్టినాయనకే గుర్తులేదు. నేలలో చెమ్మ ఉందో లేదో చూసే పరీక్ష పైసా ఖర్చు లేనిది. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితం నేల మీద పెట్టి, నాలుగు వైపులా టేపు అంటించి, పదహారు గంటలు వదిలేయాలి. తీసి చూస్తే కాగితం లోపలివైపు నీటి చుక్కలున్నా, కింద కాంక్రీటు నల్లబడ్డా ఆ నేల ఇంకా సిద్ధంగా లేదన్నమాట. లక్షల పని అప్పజెప్పేవాళ్లలో ఈ పరీక్ష అడిగినవాళ్లని నేను చూడలేదు. రంగుల కేటలాగు మాత్రం అందరూ అడుగుతారు.

ఆ నేల బాగుచేయడానికి రెండోసారి వచ్చిన సూపర్‌వైజరు శ్రీకాకుళం వైపు మనిషి. రంగు మాటెత్తలేదు. చేతిలో చిన్న సుత్తి పట్టుకుని నేలంతా తడుతూ తిరిగాడు, డొల్లగా మోగినచోట సుద్దతో గుండ్రాలు గీశాడు. తర్వాత వజ్రపు పళ్ల గ్రైండరుతో పాత పొరంతా చెక్కించాడు. "కాంక్రీటు పోసినప్పుడు సిమెంటు పాలు పైకి తేలి మీగడ కడతాయి సార్. చూడ్డానికి నున్నగా ఉంటుంది, బలం ఉండదు. మీగడ మీద అంటిస్తే మీగడతోనే లేచొస్తుంది" అన్నాడు. పొయ్యిల దగ్గరా తూము చుట్టూ ఎపాక్సీ జోలికే పోలేదు, వేడిని తట్టుకునే పీయూ (పాలీయురెథేన్) కాంక్రీటు వేశాడు. మిగతా చోట చెమ్మని ఆపే ప్రైమరు పూసి, క్వార్ట్జ్ చల్లాడు.

ఆ చల్లడం చూసి తీరాలి. అప్పుడే పరిచిన తడి ఎపాక్సీ మీద అడుగున మేకులున్న చెప్పులు తొడుక్కుని ఇద్దరు కుర్రాళ్లు నడుస్తుంటారు. మేకుల గుర్తులు వెనకాలే పూడుకుపోతాయి. సంచిలోంచి రంగుల ఇసుక గుప్పిళ్లతో తీసి పైకి ఎగరేస్తారు, అది నిట్టనిలువుగా రాలుతుంది. ఇంక ఒక్క రేణువూ తాగనని నేల మొరాయించేదాకా చల్లుతూనే ఉండాలి. గట్టిపడ్డాక అంటుకోనిదంతా ఊడ్చేసి, మళ్లీ ఒక వరస చల్లి, పైన పారదర్శకమైన సీలు కోటు. మొత్తం మందం రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ ఇసుక మన పలుగురాయే. గూడూరు, సైదాపురం వైపు నేల తవ్వితే తెల్లగా మెరుస్తుందే, ఆ జాతి. కత్తి గీతకి లొంగని రాయి. కాలికి కాస్త గరుకుగా తగులుతుంది. నీళ్లు పడినా నూనె పడినా ఆ గరుకే పట్టు. అద్దంలాంటి ఎపాక్సీ కంటే నా ఓటు దీనికే. మెరుపు తక్కువ, మనిషి జారిపడడం ఇంకా తక్కువ.

పని అంతా తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగించేవాళ్లు. రెండు డబ్బాలూ కలిపాక పరవడానికి మామూలుగా దొరికేదే అరగంట. విజయవాడ మే నెలలో అది సగానికి పడిపోతుంది. ఆలస్యమైతే బకెట్‌లో మిగిలింది దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది. గ్రైండరు తిరిగిన రెండు రోజులూ గోడౌను తలుపుల్లోంచి తెల్లటి ధూళి వీధిలోకి వచ్చింది. లోపలున్న కుర్రాళ్ల మొహాలకి తువ్వాళ్లే అడ్డం. దుమ్ము లాగే వాక్యూమ్ గ్రైండరు వెంటే ఉండాలి, ఉంటుంది కూడా. వ్యానులో ఉందట. తగిలిస్తే పని నెమ్మదిస్తుందని దించలేదు.

నాకు ఆ కోటింగు మొత్తంలో మనసుకి ఎక్కనిది ఆ ధూళి. కాంక్రీటులో, ఇసుకలో, పలుగురాతిలో ఉన్నది ఒకటే, స్ఫటిక సిలికా. కంటికి కనిపించనంత సన్నని రేణువులు ఊపిరితిత్తుల్లో దిగబడితే బయటికి రావు. అక్కడ మచ్చ కట్టి గాలికి చోటు లేకుండా చేస్తాయి. దాని పేరు సిలికోసిస్, మందు లేదు. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టంలోనే దాన్ని తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టారు. ఈ ధూళి క్యాన్సరు తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. వంటింటి గట్లకి వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్ని కోసే పనివాళ్లకి ఈ జబ్బు రావడం చూసి, ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకలనే నిషేధించింది. ఎపాక్సీలో పొదిగి సీలు చేసిన క్వార్ట్జ్ నేల మీద నడిచేవాళ్లకి ఏ భయమూ లేదు. ప్రమాదమంతా అది నేలగా మారకముందు, రాయి నలిపినవాళ్లకీ బండ చెక్కినవాళ్లకీ. దానికి తోడు హార్డెనరు చేతులకి తగిలితే చర్మానికి పడక దద్దుర్లు లేస్తాయి. ఒకసారి పడకపోతే జన్మంతా పడదు. ఇల్లు అలికిన నడుం నొప్పి ఎక్కడికీ పోలేదు. ఇంట్లోవాళ్లని వదిలి, రెండు రోజులు పనికొచ్చి వెళ్లిపోయే కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి మారింది. ఇంటివాళ్లకి కనిపించదు కాబట్టి 'నిర్వహణ అక్కర్లేని నేల' అని ధైర్యంగా అచ్చువేస్తున్నారు.

అతుకు లేదన్న మాట కూడా పై పొరకే. కాంక్రీటు ఎండకీ చలికీ కదలాలి కాబట్టి దానికి కోతలు పెడతారు. కదిలే కోతని కప్పేసి పైన నున్నగా పోస్తే, కొన్నాళ్లకి సరిగ్గా ఆ గీత మీదే పై పొర చీలుతుంది. తెలిసినవాళ్లు ఆ గీతని పైదాకా తెచ్చి, రబ్బరులా సాగే పదార్థంతో నింపి వదిలేస్తారు. తెలియని ఇంటాయన "అతుకు లేదన్నావు కదయ్యా" అని తగువు పెట్టుకుంటాడు. ఇంకో సంగతి. టైలు పగిలితే ఆ ఒక్కటీ మారుస్తాం. నాపరాయి కదిలితే లేపి మళ్లీ పరుస్తాం. ఎపాక్సీ హాల్లో ఎవరైనా ఇనపమంచం ఈడ్చారంటే ఆ గీత ఎంత పూడ్చినా రంగు కలవదు. కిటికీ ఎండ పడేచోట పసుపు తిరుగుతుంది, పైన పాలీయురెథేన్ కోటు ఉంటే తప్ప. పూజగది ముందు ముగ్గు వేస్తే పిండి నిలవదని మా పిన్ని ఫిర్యాదు. అది గ్రానైటు మీద కూడా నిలవదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఆస్పత్రి వరండా, ల్యాబు, మందుల గది, అపార్ట్‌మెంటు సెల్లారు, హోటల్లో గిన్నెలు కడిగే చోటు, వీటికి ఎపాక్సీ, తడి ఉంటే క్వార్ట్జ్ చల్లిన ఎపాక్సీ. మనుషులు వట్టికాళ్లతో తిరిగి, వెల్లకిలా పడుకునే హాలుకి రాయో ఎర్ర గచ్చో, స్థోమతని బట్టి టైలో. మంచి ఎర్ర గచ్చు వేసే మేస్త్రీలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు, వెతికి పట్టుకోవాలి.

వేయించడమే నిశ్చయించుకుంటే, అడ్వాన్సు ఇచ్చేముందు పదహారు గంటలు ప్లాస్టిక్ కాగితం అంటించి చూడండి. కొత్త కాంక్రీటయితే ఇరవై ఎనిమిది రోజులు గడవనివ్వండి. కొటేషన్‌లో ఎపాక్సీ అన్న ముక్క చాలదు, మందం ఎన్ని మిల్లీమీటర్లో రాయించండి. రోలరుతో పూసే పెయింటునీ, మూడు మిల్లీమీటర్ల పొరనీ ఒకే పేరుతో అమ్ముతున్నారు. గ్రైండరు దిగిన రోజున వాక్యూమ్ కూడా వ్యానులోంచి దింపమనండి. పని ఒక పూట ఆలస్యమైతే కానివ్వండి. కుర్రాళ్ల మొహాలకి తువ్వాళ్లు కాక సరైన మాస్కులున్నాయో లేదో మీరే చూడండి, లేకపోతే ఆ రోజు పని మొదలుపెట్టనివ్వకండి.